వెంట్రుకవాసి పైన

మా నాన్న ఎవరినీ తిట్టడు. ఆయనకు ఆ అవసరం లేదు. కుడిచేతి చూపుడువేలి గోరు కాస్త పెంచుకుంటాడు. ఎవరి శ్రుతి తప్పినా ఆ గోటితో బల్ల మీద ఒక్కసారి కొడతాడు. టక్. పాడేవాళ్లు నోరు మూసుకుంటారు, వాయించేవాళ్లు చెయ్యి తీసేస్తారు. వీధిలో ఈల వేసుకుంటూ పోయేవాడు కూడా మా కొట్టు దాటేదాకా ఈల ఆపుతాడు.

నా పాట పదో ఏట ఆ టక్ దగ్గరే ఆగింది. స్కూల్లో నేర్పిన పాటేదో పాడుతున్నాను. టక్. మళ్లీ మొదలుపెట్టాను. టక్. మూడోసారి ఆయన నవ్వుతూ, "నువ్వెత్తుకు తిరిగే ముక్కు ఎక్కడుంటుందో నీ గొంతూ అక్కడే ఉంటుందే. ఎప్పుడూ వెంట్రుకవాసి పైన," అన్నాడు. ఆయన సరదాగానే అన్నాడు. నేను సరదాగా తీసుకోలేదు. ఇప్పుడు నాకు ఇరవయ్యారు. ఈ పదహారేళ్లలో స్నానాలగదిలో కూడా పాడలేదు.

మా అమ్మ నాకంటే తెలివైనది. వెనక గదిలో కుట్టుమిషన్ తొక్కుతూ ఆ చప్పుడు కింద పాడుకుంటుంది. మిషన్ ఆగితే పాటా ఆగుతుంది. "నేను కుట్టిన బట్టలన్నిటికీ లోపల పాటే లైనింగు," అంటుంది. నాన్నకు ఈ సంగతి ముప్పై ఏళ్లుగా తెలియదు. పట్టుకుంటే ఆమెనూ సరిచేసేవాడు.

మా కొట్టు రేవుకు పోయే వీధిలో ఉంది. హార్మోనియం పెట్టెలు మా అసలు పని. కానీ రేవు పక్కన కొట్టు పెట్టుకున్నాక ఎక్కడెక్కడి ఓడల్లోంచో ఏవేవో దిగుతాయి. వాటిలో సగానికి మా దగ్గర పేర్లు లేవు. చీటీ మీద నేనే పేరు పెట్టి కడతాను: పొడుగు మెడది, గుమ్మడి పొట్టది, మూడు తీగల ఏడుపుది. ఒకసారి ఓడ వంటవాడొకడు తోలుసంచీకి గొట్టాలు గుచ్చినదేదో తెచ్చాడు. దాని చీటీ మీద 'అరిచే మేక' అని రాశాను. అతను తీసుకెళ్లేటప్పుడు చదివించుకుని, అదే సరైన పేరన్నాడు.

నా పని తిత్తులు. మడతలు విడిపోతే అతకడం, మూలల్లో తోలు వేయడం, గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడం. అందుకే వీధంతా నన్ను తిత్తి అనే పిలుస్తుంది. గాలికి మోగే లోహపు రేకులు, రీడ్లు, వాటి జోలికి మాత్రం నాన్న నన్ను రానివ్వడు. "చెవి లేనివాళ్లకు దేవుడు చేతులిస్తాడు," అంటాడు. అది పొగడ్త అనుకుంటాడు పాపం.

ఆ సోమవారం ఎదురు లాండ్రీలో పనిచేసే పిన్ని దుప్పట్లో చుట్టిన మూటతో వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. ఇరవై ఏళ్ల కిందట సముద్రం అవతలినుంచి వచ్చింది. మన మాట బాగా వచ్చు, కానీ ఒక్కో మాటనూ ఇస్త్రీ చేసి విడివిడిగా పేర్చినట్టు మాట్లాడుతుంది. మూట విప్పితే పాత అకార్డియన్. చిన్నది. ఒక మూల పెచ్చు లేచిపోయి ఉంది.

"గాలి పోతోంది. మధ్యలో ఒక మెట్టు అతుక్కుపోతోంది. ఈ రెండే," అంది. "శనివారం పదకొండింటి రైలుకు మా అక్క వస్తోంది. అప్పటికి కావాలి."

"అయిపోతుంది పిన్నిగారూ. అక్కగారూ వాయిస్తారా?"

"పాడేది. ఇద్దరం పాడేవాళ్లం. పోయిన ఏడాది గొంతుకి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మాటే రాదు." ఆమె అకార్డియన్ మీద చెయ్యి వేసింది. "ఆవిడ వంతు ఇందులో ఉంది. మా నాన్న పెట్టాడు."

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆమె పట్టీలు భుజాలకు తగిలించుకుని రెండు వరసలు వాయించింది. అప్పుడు అర్థమైంది. ఆ పెట్టెలో ఏ మెట్టు నొక్కినా కింద రెండు రీడ్లు మోగుతాయి. మా హార్మోనియాల్లోనూ అలాంటివి ఉంటాయి, కాకపోతే రెండూ ఒకే స్థాయిలో ఉండి ఒకే గొంతుగా వినబడతాయి. ఇందులో ఒకటి ఇంకోదానికన్నా రవ్వంత పైన ఉంది. అందువల్ల ప్రతి శబ్దమూ నీళ్లమీద దీపంలా ఊగుతోంది. ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కనే నిలబడి పాడుతున్నట్టే ఉంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. వెంటనే నాన్న ఇంట్లో లేడని గుర్తొచ్చి హాయిగా ఊపిరి తీసుకున్నాను. ఆయన సంగీతం బడికి పెట్టెలు శ్రుతి చేయడానికి వెళ్లాడు.

ఆమె వెళ్లాక తిత్తి పరీక్ష చేశాను. నా పద్ధతి ఒకటుంది. పెట్టెను నిలబెట్టి, ఒక మెట్టు నొక్కి ఉంచి, తిత్తిని తన బరువుకు తననే మూసుకోనిస్తాను. ఎన్ని సెకన్లలో మూసుకుందో గోడ గడియారంలో చూసి చీటీ మీద రాస్తాను. అతికాక మళ్లీ చూస్తే ఎంత బాగుపడిందో తెలుస్తుంది. ఆ రోజు గడియారం చూస్తూనే, ఎందుకో, ఆ ఊపుల్నీ లెక్కపెట్టాను. పద్నాలుగు సెకన్లు. నలభై రెండు ఊపులు. చీటీ మీద రెండంకెలూ వేశాను. మంగళవారం తోలు వేసి ఆరబెట్టాక మళ్లీ చూశాను. ఇరవై సెకన్లు, అరవై ఊపులు. అదీ రాశాను. అక్క సంగతి మాత్రం రాయలేదు. చీటీలో దానికి చోటెక్కడుంది?

బుధవారం పొద్దున అతుక్కుపోయే మెట్టు కోసం పెట్టెను నాన్న బల్ల మీద పెట్టాను. ఆయన ఒక మెట్టు నొక్కాడు. ఆయన మొహం పులుపు తిన్నట్టయింది. టక్. పక్క మెట్టు. టక్. ఇరవయ్యారు మెట్లకూ ఇరవయ్యారు టక్‌లు.

"పాపం, దీన్ని ఎవరే ఇలా పాడుచేశారు? ఒక్క జత కలవలేదు."

"పిన్ని ఆ అతుక్కునే మెట్టు ఒక్కటే చూడమంది నాన్నా."

"అడగలేదని జబ్బు వదిలేస్తామా? పాపం ఆవిడకేం తెలుసు. ఆ ఇస్త్రీల మధ్య, ఆ ఆవిర్లలో పనిచేస్తూ ఇన్నాళ్లూ ఈ అపశ్రుతితోనే సర్దుకుంటోంది. మనకి తెలిసీ ఊరుకుంటే తప్పు."

అది తప్పు కాదేమో నాన్నా, అలా ఉండాలనే పెట్టారేమో. ఈ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. చెవి లేదని పదహారేళ్లుగా ముద్ర పడినదాన్ని, ఊరంతా శ్రుతి మేస్త్రీ అని పిలిచే మనిషితో శ్రుతి గురించి ఏమని వాదించను? పైగా నాకు నచ్చింది కాబట్టే అది తప్పయి ఉంటుందని కూడా అనిపించింది. నాకు నచ్చినవన్నీ టక్ తిన్నవే.

"చీటీ మీద ఈ నలభై రెండు ఏంటే?" అన్నాడు.

"ఏం లేదు. తిత్తి లెక్క," అన్నాను.

తేలు కుట్టిన దొంగలా వెళ్లి నా మూల కూర్చున్నాను.

ఆయన బుధ, గురువారాలు తిండి కూడా సరిగా తినలేదు. అంత సంతోషంగా ఉన్నాడు. తిత్తి లాగేటప్పుడు మోగే రీడు వేరు, నొక్కేటప్పుడు మోగేది వేరు. కాబట్టి రెండో వరసలో యాభై రెండు రీడ్లు. ఒక్కోదాన్నీ మొదలు దగ్గర చిన్న కత్తితో సన్నగా గీకి, ఆకురాయితో నున్న చేస్తాడు. అలా గీకితే స్థాయి దిగుతుంది. కొస దగ్గర గీకితే ఎక్కుతుంది. పోయిన లోహం తిరిగి రాదు కాబట్టి చేతిలో వణుకు ఉండకూడదు. ఒక్కో ఊపూ ఆయన చేతికింద నెమ్మదించి, సాగి, ఆగిపోవడం వింటూ ఉన్నాను. ఒకటి ఆగినప్పుడల్లా ఆయన, "అదీ," అని తనలో తను అనుకునేవాడు. నేను కాలు కాలిన పిల్లిలా ముందుగదికీ వెనకగదికీ తిరిగాను. జిగురు కలిపి పెట్టి మర్చిపోయాను, గట్టిపడింది. గుమ్మడి పొట్టదాని చీటీ పొడుగు మెడదానికి కట్టాను.

"ఒక చోట కూర్చోవే," అంది అమ్మ మిషన్ ఆపి. "నీకు కాళ్లకింద నిప్పులున్నాయా?"

"ఉన్నాయి," అన్నాను. ఏ నిప్పులో ఆమెకూ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పిన్ని తిండి వేళ దొరికిన అరగంటలో పరుగెత్తుకొచ్చింది. చేతులింకా ఆవిరికి ఎర్రగా ఉన్నాయి. నాన్న పెట్టెను రెండు చేతులతో అందించి, బహుమతి విప్పబోయేవాళ్ల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆమె పట్టీలు తగిలించుకుని నాలుగు స్వరాలు వాయించింది. ఆగింది. పెట్టె మూల పెచ్చు లేచిన చోట వేలితో తడిమి చూసుకుంది.

"ఇది నాదేనా?"

"మీదేనమ్మా. మొత్తం చేసేశాను. దీనికి వేరే ఏమీ ఇవ్వక్కర్లేదు."

ఆమె మళ్లీ వాయించింది. నున్నగా, తిన్నగా, సన్నగా వచ్చింది శబ్దం. ఒక్క మనిషి గొంతు.

"రెండో మనిషి ఏది?" అంది.

నాన్నకు అర్థం కాలేదు. "రెండూ ఒకటి చేశానమ్మా. కలవలేదు కదా ఇన్నాళ్లూ."

"ఎందుకు చేశారు?"

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాన్న తట్టుకునేవాడు. ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

పిన్ని తువ్వాలొకటి తన సంచిలోంచి తీసి ఒక కొస నా చేతికిచ్చింది. "పిండు," అంది. నేను కుడివైపు మెలితిప్పాను. ఆమె కూడా అదే వైపు తిప్పింది. తువ్వాలు గిర్రున తిరిగింది తప్ప బిగుసుకోలేదు. "మా ఏటి ఒడ్డున దుప్పట్లు పిండేటప్పుడు పాడే పాట ఇది, మేస్త్రీగారూ. ఇద్దరుండాలి. ఇద్దరూ ఒకే వైపు తిప్పితే నీళ్లు కారవు. గొంతులూ అంతే. అక్కది కొంచెం పైన, నాది కొంచెం కింద. ఒకటైపోతే ఒకళ్లు మానేశారని అర్థం." తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "రేపు అక్క వస్తుంది. వింటుంది. తను లేదని వింటుంది."

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన మొహం అంత చిన్నదవడం నేనెప్పుడూ చూడలేదు. జాలేసింది, అంతకంటే ఎక్కువ నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ రెండు రోజులూ నా నోరేమైంది?

"ఎంత తేడా ఉండేదమ్మా?" అన్నాడు చివరికి.

ఆమె బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టింది, కాస్త దూరం చేసింది, మళ్లీ దగ్గర చేసింది. చెయ్యి దించేసింది.

"రికార్డు చేసిందేమైనా ఉందా?"

"మేమిద్దరం ఉండగా రికార్డెందుకు?"

అప్పుడిక ఆగలేక కొక్కేనికి వేలాడుతున్న చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాను. "పద్నాలుగు సెకన్లకి నలభై రెండు ఊపులు. తిత్తి అతికాక ఇరవైకి అరవై. నడిమి మెట్టుది."

నాన్న చీటీ చూశాడు. నన్ను చూశాడు. "సెకనుకి మూడు," అన్నాడు నెమ్మదిగా. "రెండుసార్లూ మూడే. ఇది నువ్వు సోమవారమే విన్నావా?"

"విన్నాను."

"ఇలాగే ఉండాలని తెలుసా నీకు?"

"తెలుసు. పిన్ని చెప్పింది, వాయించింది కూడా."

"మరి నేను రెండు రోజులు గీకుతుంటే చెప్పవేం?"

"నాకు చెవి లేదు కదా," అన్నాను.

వెనక గదిలో మిషన్ ఆగిపోయింది. నేనన్న మాట పెద్దగా కూడా అనలేదు. కానీ పదహారేళ్లు మరిగింది కదా, కాస్త ఘాటుగానే వచ్చింది. పిన్ని మా ఇద్దరినీ చూసి, ఇలాంటివి ఏ దేశంలోనైనా ఒకటే అన్నట్టు గడియారం వైపు తిరిగింది.

"నేను ఆరింటికి మళ్లీ వస్తాను," అంది. "పదకొండింటికి రైలు." అకార్డియన్ బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది.

నాన్న చాలాసేపు ఆ చీటీని ముందుకీ వెనక్కీ తిప్పాడు. తర్వాత ఇంకో స్టూలు లాగి తన పక్కన వేశాడు. ఆ బల్ల దగ్గర నా కోసం స్టూలు వేయడం అదే మొదటిసారి.

"మధ్యదానికి మూడు. పై మెట్లకి?"

"ఎక్కువ. పైకి పోయేకొద్దీ తొందర. కింద నెమ్మది."

"ఎంత?"

"అంకె తెలీదు. వింటే చెప్తాను."

"కూర్చో," అన్నాడు. "నేను గీకుతాను. నువ్వు చెప్పు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఇప్పుడు కొసలు గీకాలి. ఒకసారి గీకిన రీడ్లు, రెండోసారికి ఎంత తట్టుకుంటాయో తెలియదు. నాన్న రెండుసార్లు గీకి, ఊది, నా వైపు చూసేవాడు. నేను "ఇంకా" అనేదాన్ని. మళ్లీ రెండు గీతలు. "ఇంకా." ఊపు మొదలై, బద్ధకంగా ఉండి, కుదురుకునేది. "చాలు." ఆ మాటకు ఆయన ఒళ్లు ముడుచుకునేది. జీవితమంతా ఏది పోగొట్టాలని చూశాడో దాన్ని ఇప్పుడు తన చేత్తో తెచ్చి పెట్టాలి. అదీ కూతురు చాలన్న చోట. చేతిలో కత్తి ఉంది కాబట్టి టక్ లేదు గానీ పళ్లు నూరడం నాకు వినబడింది.

"ఇది ఎక్కువైంది కదే?"

"కాలేదు."

"నాకు పంటికింద రాయిలా ఉంది."

"ఉండనీ."

ఆరింటికి పిన్ని వచ్చేసరికి సగం కూడా కాలేదు. ఆమె అక్కడే కూర్చుని, మేం ఒక్కో జత పూర్తిచేస్తుంటే ఆ పాటలోని పల్లవి సన్నగా అనుకుంటూ ఉంది. ఆ మాటల అర్థం నాకు తెలియదు. కానీ విని విని నోటికొచ్చేశాయి. చీకటి పడ్డాక నాన్న కళ్లు ఆనడం లేదని కత్తి కింద పెట్టాడు. నాకు నిద్ర పట్టలేదు. పక్క గదిలో ఆయనకూ పట్టలేదని మంచం చెబుతూనే ఉంది.

తెల్లవారగానే మళ్లీ మొదలుపెట్టాం. ఎనిమిదిన్నరకు చిట్టచివరి మెట్టు రీడు కొస ఫట్‌మని విరిగింది. నాన్న కత్తి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పిన్ని వచ్చాక భయపడుతూ చూపించాను.

"ఆ మెట్టు ఈ పాటలో రాదు," అంది. "ఇంకెప్పుడైనా చూద్దాం."

తొమ్మిదిన్నరకు మూత బిగించాం. పిన్ని పెట్టె తగిలించుకుని వాయించింది. మధ్యలో ఆపింది. "పెట్టె ఒక్కటే వింటే నాకు తెలియడం లేదు. ఇద్దరు పాడితే తెలుస్తుంది." నా వైపు చూసింది. "నీకు వచ్చేసింది కదా. రాత్రి పెదాలు కదిలిస్తున్నావు."

అమ్మ మెడలో టేపుతో వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను రాదని అన్నాను. పిన్ని పట్టించుకోకుండా మొదలుపెట్టేసింది. అక్క పాడే రెండో వంతు నేను అందుకోవలసిన చోట ఆగి, తల ఊపింది. అందుకున్నాను.

ఎలా పాడానో నాకు తెలియదు. పాటంతా నేను ఒకదానికోసమే ఎదురుచూశాను. ఇప్పుడొస్తుంది టక్, ఈ మాట దగ్గర వస్తుంది, ఇదిగో ఈ మలుపులో. వీపంతా చెవులై నిలబడ్డాను. పల్లవి అయింది. రాలేదు.

పిన్ని తిత్తి మూసి తల అడ్డంగా ఊపింది. "పెట్టె సరిపోయింది. నువ్వే సరిపోలేదు. నా గొంతు మీద కూర్చున్నావు. ఇద్దరం ఒకే వైపు తిప్పుతున్నాం."

నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. పదహారేళ్లుగా నాన్న కోరుకున్నది సరిగ్గా ఆ రోజే జరిగింది. భయానికి నేను శ్రుతిలో పాడాను. ఎవరికీ పనికిరాకుండా పాడాను.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ముక్కు పైకెత్తవే, తిత్తీ," అన్నాడు.

తిరిగి చూశాను. ఆయన కుడిచెయ్యి బల్ల మీదే ఉంది. చూపుడువేలికి గోరు లేదు. రీడ్లు అరగదీసే ఆకురాయితోనే చర్మందాకా అరగదీసుకున్నాడు. పొద్దున నేను లేవకముందే చేసి ఉంటాడు. రీడు పెరగదు గానీ గోరు పెరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా అరగదీసుకున్నాడు.

మళ్లీ పాడే వేళ లేదు. పిన్ని అకార్డియన్ దుప్పట్లో చుడుతూ, "నువ్వూ రా," అంది నాతో. "అక్కని చూస్తే నాకు ఏడుపొస్తుంది. నా గొంతు పోతే పాట పడిపోతుంది. నువ్వు పట్టుకో." మూట నాన్న మోశాడు. నేను రెండుసార్లు చెప్పు తెగిపోయేలా తొందరగా నడిచి, రెండుసార్లు వాళ్ల కోసం ఆగాను.

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ ఇరవై నిమిషాల్లో నేను ప్లాట్‌ఫాం ఈ కొసనుంచి ఆ కొసకు ఎన్నిసార్లు నడిచానో బెంచీ మీది ముసలాయనకు తెలిసి ఉంటుంది. వచ్చింది. మూడో బోగీలోంచి అక్క దిగింది. పిన్ని కంటే పొడుగు, మెడకు స్కార్ఫు. ఇద్దరూ చాలాసేపు వాటేసుకున్నారు. తర్వాత పిన్ని ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, పెట్టె తగిలించుకుని వాయించడం మొదలుపెట్టింది. ఆ ఊగే శబ్దం మొదటిది రాగానే అక్క చెయ్యి తన మెడ దగ్గరికి వెళ్లింది. స్కార్ఫు మీద అలాగే ఉండిపోయింది.

పిన్ని రెండు వరసలు పాడింది. మూడోదానికి, తను చెప్పినట్టే, గొంతు పోయింది. చేతులు వాయిస్తూనే ఉన్నాయి, నోరు మాత్రం పెగలడం లేదు. నన్ను చూసింది.

పొద్దున పాడిన అక్క వంతే నేను అందుకున్నాను. పక్కన నాన్న ఉన్నాడు, వెనక జనం ఉన్నారు. సన్నగా, జాగ్రత్తగా, ఎవరికీ తగలకుండా పాడాను. అక్క తలెత్తి నన్ను చూసింది. కళ్లు తుడుచుకోలేదు. వింటూ, కనుబొమలు ముడిచింది. తన వంతును ఎవరో తప్పు పాడుతుంటే ముడుచుకునే కనుబొమలు అవి. నాకు బాగా తెలుసు. కుడిచెయ్యి మెడ మీదనుంచి తీసి, చూపుడువేలు ఎత్తింది.

ఇక్కడా టక్ అనుకుని అప్పుడే నోరు మూయబోయాను.

ఆ వేలు దేన్నీ కొట్టలేదు. ఆకాశంలోకి చూపించింది. ఇంకొంచెం పైకి, అంది ఆ వేలు. నేను పెంచాను. చాలదని మళ్లీ ఎత్తింది. ఇంకా, ఇంకా. నా గొంతు ఎప్పుడూ ఉండే చోటికి వచ్చేదాకా ఎత్తుతూనే ఉండి, అక్కడికి రాగానే చెయ్యి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.